పరీక్ష రాసి చేరే ప్రభుత్వ హైస్కూలా, ప్రైవేటు స్కూలా? ఎలా తేల్చుకోవాలి

మా అమ్మాయి ప్రవేశ పరీక్ష రాసి ప్రభుత్వ హైస్కూల్లో చేరింది. నాలుగేళ్ళ తర్వాత మా అబ్బాయికీ అలాంటి స్కూల్లోనే సీటు వచ్చింది. అయినా వాణ్ణి ప్రైవేటు స్కూల్లో చేర్పించాం. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు దారులు ఎందుకని తెలిసినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. రెండుసార్లూ మేం చూసింది ఒకటే: ఆ స్కూల్లో ఈ పిల్లకు, ఈ పిల్లవాడికి ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుంది? అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, ముఖ్యంగా న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళ కోసం, మేం చేసిన పని వరుసగా చెబుతాను.

మొదటి పని: ఈ ఏటి నిబంధనలు మీరే చదవండి

పిల్లలను ఎంపిక చేసి చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్ళన్నీ ఒకే పద్ధతిలో నడవవు. న్యూయార్క్‌లో స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్ సహా 8 స్కూళ్ళకు ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ అనే ఒకే పరీక్ష ఉంటుంది. సీటు దాదాపుగా ఆ ఒక్క మార్కు మీదే ఆధారపడుతుంది. పైన చెప్పిన మూడు స్కూళ్ళకు ఈ పద్ధతిని 1971లో రాష్ట్ర చట్టమే ఖాయం చేసింది. పేద కుటుంబాల పిల్లలు కటాఫ్‌కు కొద్దిలో తప్పిపోతే వేసవి తరగతుల ద్వారా చేరే డిస్కవరీ అనే వెసులుబాటు ఉంది. మీ కుటుంబానికి అది వర్తిస్తుందేమో తప్పక చూసుకోండి.

బోస్టన్‌లో సంగతి వేరు. 1635లో మొదలైన బోస్టన్ లాటిన్ స్కూలుకు పరీక్షతో పాటు అప్పటిదాకా చదివిన స్కూలు మార్కులూ లెక్కే, పైగా అక్కడ ఏడో తరగతి నుంచే పిల్లలను తీసుకుంటారు. షికాగోలో మీ ఇల్లున్న ప్రాంతపు ఆర్థిక స్థితిగతులను బట్టి దరఖాస్తులను నాలుగు వర్గాలుగా విడదీసి చాలా సీట్లు పంచుతారు. వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ హైస్కూలు 2020లో ప్రవేశ పరీక్షనే ఎత్తివేసింది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా, 2024 ఫిబ్రవరిలో కోర్టు దానిని విచారణకు తీసుకోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ళలో చాలామంది మూడేళ్ళ కిందట ఎవరి అబ్బాయికో సీటు వచ్చిన పద్ధతినే పట్టుకుని పిల్లలను సిద్ధం చేస్తుంటారు. ఫంక్షన్లలో విన్నది పక్కన పెట్టి, మీ ఊరి విద్యాశాఖ ఈ ఏడాది ప్రకటించిన నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా చదవండి.

తర్వాత ఒక పెద్ద కాగితం తీసుకుని తేదీలు రాయండి. చాలా ప్రైవేటు స్కూళ్ళకు దరఖాస్తులు డిసెంబరు, జనవరిల్లోనే ముగుస్తాయి. వాటికి సాధారణంగా ఐఎస్‌ఈఈ లేదా ఎస్‌ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష, పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ ఇంటర్వ్యూ, ఇప్పటి టీచర్ల సిఫారసు లేఖలు కావాలి. ఆర్థిక సాయం దరఖాస్తు గడువు కూడా అప్పుడే. న్యూయార్క్ ప్రభుత్వ స్కూళ్ళ పరీక్ష శరదృతువులో, ఫలితం మార్చిలో. ప్రైవేటు స్కూలు జవాబు అంతకు ముందే రావచ్చు. ఈ తేడా ఎంత ఇబ్బంది పెడుతుందో కాంట్రాక్టు దగ్గర చెబుతాను.

రెండో పని: పిల్లలు సాయం అడుగుతారా, లేదా గమనించండి

నా మట్టుకు ఈ మొత్తం నిర్ణయంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. మార్కులు ఎన్ని వచ్చాయన్నది అందరూ చూస్తారు. అర్థం కానప్పుడు ఏం చేస్తారన్నది ఎవరూ చూడరు.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. మరునాడు బడి మొదలయ్యే ముందే వెళ్ళి టీచరు గది తలుపు దగ్గర నిలబడింది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. మా అబ్బాయి అదే వయసులో అలాంటి చోటే ఆగిపోతే, నోటుపుస్తకంలో ఆ పేజీ మడిచి పెట్టి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయాడు. నెల తర్వాత పుస్తకం తిరగేస్తుంటే మడతలు పెట్టిన పేజీలు ఆరు కనిపించాయి. తెలివిలో వాడు అక్కకు తీసిపోడు. కాకపోతే చేయి ఎత్తడు. ఎవరైనా దగ్గరికి వచ్చి "ఇక్కడ ఆగావేం నాన్నా?" అని అడిగితే గలగలా చెప్పేస్తాడు.

మూడు వేల మంది చదివే స్కూల్లో ఆ అడిగేవాళ్ళు ఉండరు. టీచర్లు మంచివాళ్ళే, విషయం బాగా తెలిసినవాళ్ళే. కానీ ఒక్కొక్కరి చేతిలో ఐదు తరగతులు, ఒక్కో తరగతిలో ముప్పై మంది. న్యూయార్క్‌లో హైస్కూలు తరగతికి 34 మంది దాకా ఉండేవాళ్ళు. 2022లో చేసిన రాష్ట్ర చట్టం ఆ సంఖ్యను 2028 కల్లా 25కు దించమంటోంది. మీరు చూస్తున్న స్కూలు ఆ దారిలో ఎంతవరకు వచ్చిందో అడగండి. ప్రైవేటు స్కూళ్ళలో చాలాచోట్ల తరగతికి ఇంతకన్నా బాగా తక్కువమంది ఉంటారు, అక్కడ మడత పెట్టిన పేజీ ఎవరో ఒకరి కంట పడుతుంది.

అందుకని ఒక నెల రోజులు ఏమీ అనకుండా గమనించండి. హోంవర్క్ మొదలుపెట్టమని ఎన్నిసార్లు గుర్తు చేయాల్సి వస్తోంది? తక్కువ మార్కు వచ్చిన రోజు ఏం చేస్తున్నారు? కొత్త పిల్లల మధ్య ఎంతసేపట్లో కలిసిపోతున్నారు? చూసింది చూసినట్టు రాసుకోండి. భార్యాభర్తలు విడివిడిగా రాసుకుంటే ఇంకా మంచిది. మా ఇంట్లో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు, మా వారు రాసిన అబ్బాయి, నేను రాసిన అబ్బాయి వేరువేరు పిల్లల్లా కనిపించారు. దాని మీద వారం రోజులు మాట్లాడుకున్నాం. స్కూళ్ళ గురించి చదివినదంతా కలిపినా ఆ వారం చేసినంత మేలు చేయలేదు.

పరీక్షకు తయారీ మాటేమిటని అడుగుతారు. న్యూయార్క్‌లో ఏటా పాతిక వేల మందికి పైగా రాస్తే, ఆ 8 స్కూళ్ళలో సుమారు 4,000 మందికి సీటు వస్తుంది. ప్రశ్నల తీరు తెలియడానికి తయారీ అవసరమే. కానీ ఐదో తరగతి నుంచి శనాదివారాలు కోచింగుకు పంపడం తప్పని గట్టిగా నమ్ముతాను. ఆ స్థాయిలో తోమితే తప్ప సీటు రాని పిల్లలకు, చేరిన తర్వాత కూడా అలాగే తోమాల్సి వస్తుంది. అప్పుడు వాళ్ళకు పద్నాలుగేళ్ళు, రోజుకు మూడు గంటల హోంవర్క్.

మూడో పని: స్కూలును మామూలు రోజున చూడండి

ఓపెన్ హౌస్‌కు వెళ్ళండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఆ రోజు మాట్లాడే పిల్లలను ఏరి నిలబెడతారు, గోడల మీద బహుమతులే కనిపిస్తాయి. ప్రైవేటు స్కూళ్ళు చాలావరకు పిల్లలను ఒక రోజంతా తరగతుల్లో కూర్చోనిస్తాయి. ఆ అవకాశం వదలకండి. ప్రభుత్వ స్కూల్లో అది దొరకకపోతే, బడి విడిచే వేళకు వెళ్ళి గేటు బయట అరగంట నిలబడండి. పిల్లలు ఒంటరిగా వస్తున్నారా, గుంపులుగా వస్తున్నారా, ముఖాలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ తెలిసిపోతాయి.

మేం వెళ్ళిన ప్రభుత్వ స్కూల్లో నాకు బాగా గుర్తుండిపోయింది వరండా. భోజనం వేళ లాకర్లకు వీపు ఆనించి నేల మీద ఐదారుగురు పిల్లలు కూర్చున్నారు. మధ్యలో విప్పిన చిన్న రోబో, దాని తీగలు. ఒకమ్మాయి నోట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు చేతులతో ఏదో బిగిస్తోంది. వాళ్ళ పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. మా అమ్మాయి అక్కడే ఆగిపోయి, పేరైనా చెప్పకుండా "ఈ తీగ ఎక్కడికి పోతుంది?" అని అడిగి కూర్చుండిపోయింది. నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత అబ్బాయితో ప్రైవేటు స్కూలుకు వెళ్ళినప్పుడు, ఒక టీచరు పిల్లల వ్యాసాలు కొన్ని పేర్లు తీసేసి చూపించారు. ఒకే వ్యాసం మూడుసార్లు తిరగరాసిన ప్రతులు. మొదటి ప్రతి అంచుల నిండా పెన్సిలు గీతలు, ప్రశ్నలు. రెండో దాంట్లో సగం. మూడో దాంట్లో ఒకే ఒక్క మాట: ఇప్పుడు నీ గొంతు వినిపిస్తోంది. మా వాడు ఆ మూడు కాగితాలను ముందుకీ వెనక్కీ తిప్పుతూ చాలాసేపు చూశాడు.

మీరు వెళ్ళినప్పుడు ఈ మాట అడగండి: దిద్దిన నోటుపుస్తకం ఒకటి చూపిస్తారా? ఏ స్కూలైనా సరే, ఆ ఒక్క పుస్తకం ముందు స్కూలు వాళ్ళిచ్చే రంగుల పుస్తకాలు బలాదూరు. అలాగే, పోయిన ఏడాది ఎంతమంది పిల్లలు మధ్యలో వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళారు అనీ అడగండి. నిజాయతీగా చెప్పే స్కూలు తడుముకోకుండా చెబుతుంది.

నాలుగో పని: పొద్దున్న ఏడింటికి ఒకసారి ప్రయాణం చేయండి

పిల్లలను వెంటబెట్టుకుని, పుస్తకాల సంచితో సహా, బడి వేళకే వెళ్ళి రండి. క్వీన్స్‌లో ఒక మూల నుంచి బ్రాంక్స్ సైన్స్‌కు వెళ్ళాలంటే గంటన్నర పట్టవచ్చు. అంటే రోజుకు మూడు గంటలు. నాలుగేళ్ళు ఆ మూడు గంటలూ నిద్రలోంచో, ఆటలోంచో పోతాయి. ఒకవైపు గంట దాటితే నేనైతే ఆ స్కూలును జాబితాలో కిందికి దించుతాను, పేరు ఎంత గొప్పదైనా.

ఐదో పని: నాలుగేళ్ళ లెక్క వేయండి

న్యూయార్క్‌లో పేరున్న ప్రైవేటు డే స్కూళ్ళలో ఏడాది ఫీజు 60,000 డాలర్లు దాటింది. చర్చిలు నడిపే స్కూళ్ళు చాలావరకు ఇంతకన్నా బాగా తక్కువ. మొదటి ఏడాది 60,000తో మొదలై ఏటా 5 శాతం పెరిగితే నాలుగేళ్ళకు 2,58,600 డాలర్లవుతుంది. అదీ పన్ను కట్టగా మిగిలిన జీతంలోంచి. పుస్తకాలు, ప్రయాణం, విహారయాత్రలు, స్కూలు అడిగే విరాళాలు దీనికి అదనం. చిన్నవాళ్ళు ఇంకొకరుంటే వాళ్ళ లెక్క కూడా ఇప్పుడే వేయాలి.

పన్ను రాయితీతో కాలేజీ చదువుకు డబ్బు దాచుకునే 529 ఖాతాలోని సొమ్ము సంగతి చాలామంది అడుగుతారు. కేంద్ర చట్టం ప్రకారం 2018 నుంచి ఏడాదికి 10,000 డాలర్ల దాకా స్కూలు ఫీజుకు వాడుకోవచ్చు, 2026 నుంచి ఆ పరిమితి 20,000 అయింది. కానీ అన్ని రాష్ట్రాలూ దీనిని ఒప్పుకోవు. న్యూయార్క్ రాష్ట్రం స్కూలు ఫీజుకు తీసిన సొమ్మును అర్హమైన ఖర్చుగా చూడదు. అప్పట్లో పొందిన రాష్ట్ర పన్ను మినహాయింపు వెనక్కి కట్టాల్సి వస్తుంది. పైగా అది కాలేజీ కోసం దాచిన డబ్బు. హైస్కూలుకే అది అయిపోతే ఆ తర్వాత అప్పు పిల్లల నెత్తిన పడుతుంది. కాలేజీ సొమ్ము ముట్టుకోకుండా ఫీజు కట్టలేమనుకుంటే ప్రభుత్వ స్కూలే మేలని నా అభిప్రాయం. దీనిలో నాకు సందేహం లేదు.

అలాగని ఫీజు చూసి ముందే వెనక్కి తగ్గకండి. చాలా స్కూళ్ళు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఇస్తాయి. మధ్యతరగతి వాళ్ళకూ కొంత రావచ్చు. దరఖాస్తు గడువు దాటితే మాత్రం ఎంత అవసరమున్నా ఇవ్వరు. సాయం ఇస్తామన్నాక రెండు ప్రశ్నలు అడగండి: ఏటా మళ్ళీ దరఖాస్తు చేయాలా? ఫీజు పెరిగితే సాయమూ పెరుగుతుందా?

ఆరో పని: సంతకానికి ముందు కాంట్రాక్టు అంతా చదవండి

ప్రైవేటు స్కూలు సీటు ఇచ్చినప్పుడు ఒక ఒప్పంద పత్రం పంపుతుంది. మా తోటికోడలు వాళ్ళు ఫిబ్రవరిలో అలాంటి పత్రం మీద సంతకం చేసి కొన్ని వేల డాలర్ల డిపాజిట్ కట్టారు. మార్చిలో ప్రభుత్వ స్కూలు సీటు వచ్చింది. పిల్లవాడు అక్కడికే వెళతానన్నాడు. డిపాజిట్ తిరిగి రాలేదు. ఆ పత్రంలోనే, ఫలానా తేదీ దాటాక మానుకుంటే ఏడాది ఫీజు మొత్తం కట్టాలన్న షరతు కూడా ఉంది. ఆ తేదీకి రెండు నెలల ముందే మేలుకున్నారు కాబట్టి అంతటితో బయటపడ్డారు.

ఆ తేదీ ఎక్కడ ఉందో వెతికి, మీ పెద్ద కాగితం మీద ఎర్ర సిరాతో రాయండి. ప్రభుత్వ ఫలితం వచ్చేదాకా గడువు ఇస్తారా అని అడ్మిషన్ల కార్యాలయాన్ని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. అడగడంలో తప్పు లేదు, వాళ్ళు దీనికి అలవాటు పడినవాళ్ళే. వచ్చే ఏడాది సీటు కొనసాగించడం ఎవరి చేతిలో ఉందో కూడా అందులోనే చూడండి. ప్రభుత్వ స్కూలు పిల్లలను సస్పెండ్ చేయాలంటే ఆరోపణ ఏమిటో చెప్పి, వాళ్ళ మాట వినాలని 1975లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రైవేటు స్కూలుకు ఆ కట్టుబాటు లేదు. అక్కడ మీకున్న హక్కులు చాలావరకు ఆ కాంట్రాక్టులో రాసినవే.

చదవడంలో, వినడంలో, ఏకాగ్రతలో ప్రత్యేక సాయం కావలసిన పిల్లలుంటే ఈ అడుగు దగ్గర మరికాస్త ఆగండి. అలాంటి పిల్లలకు ఉచితంగా తగిన చదువు అందించాల్సిన బాధ్యత 1975 నాటి కేంద్ర చట్టం ప్రభుత్వ స్కూళ్ళ మీద పెట్టింది. మీరే ప్రైవేటుకు పంపితే ఆ హక్కు అదే బలంతో వెంట రాదు. కొన్ని ప్రైవేటు స్కూళ్ళు ఎంతో బాగా చూసుకుంటాయి. కానీ ఏమేం చేస్తారో నోటిమాటగా కాకుండా రాసి ఇమ్మని అడగండి.

ఏడో పని: పేరుకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోండి

బోస్టన్, న్యూయార్క్ ఎగ్జామ్ స్కూళ్ళ మీద అబ్దుల్‌కాదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ అనే ఆర్థికవేత్తలు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కులు పైన ఉండి సీటు పొందినవాళ్ళనూ, ఒకటి రెండు మార్కుల్లో తప్పిపోయినవాళ్ళనూ పోల్చి చూశారు. తర్వాతి పరీక్షల మార్కుల్లో ఇద్దరి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సీటు రాలేదని ఇంట్లో దిగులు పడే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇంకొకటి కూడా ఉంది. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటాం. ఎంపిక చేసిన పిల్లల మధ్య దీనికి తలకిందులు జరుగుతుంది: అన్నీ మహావృక్షాలే ఉన్న చోట నిలబడ్డ మంచి చెట్టు తనను ఆముదపు చెట్టు అనుకుంటుంది. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త 1980ల నుంచి దీని మీదే పని చేశారు. ఒకే సామర్థ్యమున్న పిల్లల్లో, తోటివాళ్ళు మరీ చురుకైన చోట చదివేవాళ్ళకు తమ చదువు మీద తమకు నమ్మకం తక్కువగా ఉంటోందని చూపించారు. మా అమ్మాయి మొదటి సంవత్సరం నవంబరులో ఒక రాత్రి "నేనిక్కడ మామూలు పిల్లనమ్మా" అంది. అందులో బాధ ఉంది, కొంత ఊరట కూడా ఉంది. తనకు ఆ రెండోది ఎక్కువని నెమ్మదిగా అర్థమైంది. మీ పిల్లలకు ఏది ఎక్కువవుతుందో మీకే తెలియాలి.

కాలేజీ ప్రవేశాల గురించి ఒక్క మాట. ఒక్కో కౌన్సెలర్‌కు ఎంతమంది పిల్లలున్నారో రెండు చోట్లా అడగండి. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ 250 మందికి ఒకరుండాలంటుంది. మంచి ప్రైవేటు స్కూళ్ళలో ఇంతకన్నా చాలా తక్కువమంది ఉంటారు, సిఫారసు లేఖ రాసేవాళ్ళకు మీ పిల్లలు పేరుతో సహా తెలుస్తారు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల సంఖ్యను మాత్రం కొలబద్దగా పెట్టుకోకండి. వాషింగ్టన్ ప్రాంతంలోని 8 పేరున్న ప్రైవేటు స్కూళ్ళు 2022 కల్లా ఆ కోర్సులు మానేస్తామని 2018లో కలిసి ప్రకటించాయి.

చివరి పని: తేల్చుకుని, అదే రోజు చెప్పేయండి

రెండు సీట్లూ చేతిలో ఉన్నాయనుకుందాం. సాయం తానే అడిగి తెచ్చుకునే పిల్ల, గంటలోపు ప్రయాణం ఉంటే నేను ప్రభుత్వ స్కూలునే ఎంచుకుంటాను. గుంపులో ముడుచుకుపోయే పిల్లవాడు, కాలేజీ సొమ్ము కదపకుండా కట్టగల ఫీజు అయితే ప్రైవేటు వైపు మొగ్గుతాను. ఈ రెండింటి మధ్య ఉన్న పిల్లల దగ్గర వాళ్ళ మాటకే ఎక్కువ బరువు ఇవ్వండి. అడిగేటప్పుడు "ఏ స్కూలు కావాలి?" అని అడగకండి. దానికి స్నేహితులు చెప్పిన పేరే జవాబుగా వస్తుంది. "మంగళవారం మధ్యాహ్నం లెక్కల తరగతిలో నీకు అర్థం కాలేదనుకో, అక్కడ ఏం చేస్తావు, ఇక్కడ ఏం చేస్తావు?" అని అడిగి, వాళ్ళు ఆలోచించుకునేదాకా ఊరుకోండి. మా వాడు రెండు రోజులు తీసుకున్నాడు.

జవాబు కుదిరాక, వద్దనుకున్న స్కూలుకు ఆ రోజే ఉత్తరం రాయండి. ప్రైవేటు స్కూళ్ళ నిరీక్షణ జాబితాలో మరో ఇంటి పిల్లలుంటారు. మీరు వదిలిన సీటు వాళ్ళకు ఎంత తొందరగా చేరితే, వాళ్ళ కాగితం మీద ఎర్ర సిరా తేదీలోపు ఊపిరి పీల్చుకోవడానికి అన్ని రోజులు మిగులుతాయి.